వియత్నాం నుంచి మనుషుల్ని తెచ్చుకోవాలంటే? (రొయ్యల ప్లాంటు, నరసాపురం వైపు)

తెల్లరొయ్య:

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ చెరువుల పోస్టులు చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఇప్పుడు అవసరం పడింది.

మాది నరసాపురానికీ మొగల్తూరుకీ మధ్య చిన్న ప్రాసెసింగ్ ప్లాంటు. మా మామగారు, ఆయన తమ్ముడు, నేను భాగస్తులం. ఇన్నాళ్ళూ హెడ్‌లెస్ బ్లాకు (తల తీసి దిమ్మగా గడ్డకట్టించినది), కొద్దిగా పీల్డ్ ఐక్యూఎఫ్ (ఒలిచి, ఒక్కోటి విడిగా గడ్డకట్టించినది) చేసుకుంటూ వచ్చాం. సరుకులో ఎక్కువ భాగం అమెరికాకే. 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి ఎక్కాక ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో బాగా తెలిసొచ్చింది. అందుకని జపాన్ వైపు చూస్తున్నాం. అక్కడివాళ్ళు అడుగుతున్నది నోబాషి. అంటే తోక ఉంచి ఒలిచి, సాగదీసి, ట్రేలో పేర్చిన రొయ్య. ఆ పనిలో వియత్నాం వాళ్ళు ఆరితేరినవాళ్ళు.

కా మౌ అనే ఊళ్ళో ఒక ప్లాంటులో లైను సూపర్‌వైజరుగా చేసిన ఒకావిడ వస్తానంటోంది. ఆవిడతో పాటు చెయ్యి తిరిగిన ఎనిమిది మంది అమ్మాయిలు. ఏడాది ఉంటే మనవాళ్ళు చూసి నేర్చుకుంటారని మా ఆలోచన. ఆవిడకి నెలకి 70 వేలు, అమ్మాయిలకి 25 వేలు, రూము, భోజనం మావి. ఏజెంటు ఒకాయన బిజినెస్ వీసా మీద తొందరగా దింపేస్తానంటున్నాడు, తలకింత అని.

బయటి దేశాల నుంచి మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. కాగితాలేంటి, ఖర్చెంత, ఎక్కడ ఇరుక్కుంటాం?

చెక్‌ట్రే:

పీలింగ్ షెడ్డు నిండా ఒడిశా వాళ్ళు, అస్సాం వాళ్ళు ఉన్నారు, చాలడంలేదా అన్నా? ఇంకా వియత్నాం దాకానా 😀

తెల్లరొయ్య:

చేతులు చాలక కాదు తమ్ముడూ. ఆ పని తెలిసినవాళ్ళు లేక.

కాలవగట్టు:

ఆయ్, ఇందులో తప్పేముందండి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టడానికి కాటన్ దొరని తెచ్చుకోలేదా మనం? పొలాలకి నీళ్ళొచ్చాయి. అలాగే వియత్నాం దొరసానిని తెచ్చుకోండి.

పద్దుపుస్తకం:

కాలవగట్టు గారూ, కాటన్ దొరని మనం తెచ్చుకోలేదు, ఈస్టిండియా కంపెనీ పంపితే వచ్చాడు. ఆయనకి వీసా గొడవ లేదు. వీళ్ళకి ఉంది.

తెల్లరొయ్య గారూ, నేను భీమవరంలో ఆడిట్ పని చేస్తాను. మీలాంటి క్లయింట్లు ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. మీ ప్లానులో ఎనిమిది మంది అమ్మాయిల సంగతి మర్చిపోండి. సూపర్‌వైజరు సంగతి మాట్లాడుకుందాం.

మన దేశంలో కంపెనీకి పని చెయ్యడానికి బయటి దేశం మనిషి రావాలంటే ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. అది ఇచ్చేది బాగా నైపుణ్యం ఉన్నవాళ్ళకే. మన దగ్గర అర్హులు దండిగా దొరికే పనికి గానీ, రోజువారీ మామూలు పనికి గానీ, గుమాస్తా పనికి గానీ ఇవ్వరు. రొయ్య ఒలిచే పనికి ఆ వీసా కావాలని ఫైలు పెడితే, రాయబార కార్యాలయంలో మొదటి పేజీ చూసే పక్కన పెడతారు.

రెండోది జీతం. ఎంప్లాయ్‌మెంట్ వీసాకి ఏడాదికి కనీసం 16.25 లక్షలు ఉండాలి. అంతకుముందు ఇది 25 వేల డాలర్లు అని ఉండేది, తర్వాత రూపాయల్లోకి మార్చారు. మీరు ఆవిడకి చెప్పిన 70 వేలు ఏడాదికి 8.4 లక్షలు. సగం దారి. 16.25 అంటే నెలకి సుమారు లక్షా ముప్పయ్యైదు వేలు.

చిన్న వెసులుబాటు ఒకటుంది. మీరిచ్చే అద్దె ఇల్లు లాంటి సదుపాయాన్ని ఆదాయపు పన్నులో జీతం కింద చూపిస్తే, దాని విలువ కూడా ఈ 16.25లో కలుస్తుంది. పన్నుకి చూపించనివి కలవవు. కాంట్రాక్టు కాగితంలో నగదు ఎంత, సదుపాయాలు ఎంత అని విడివిడిగా రాయాలి. భోజనం పెడుతున్నాం కదా అని మనసులో లెక్కేసుకుంటే కుదరదు.

తెల్లరొయ్య:

బాబోయ్. లక్షా ముప్పయ్యైదు వేలా? మా ప్లాంటు మేనేజరుకి కూడా అంత లేదండి.

ఏజెంటుకి ఫోన్ చేసి అడిగాను. "అవన్నీ ఎంప్లాయ్‌మెంట్ వీసాకి సార్, మనం తెచ్చేది బిజినెస్ వీసా, జీతం లెక్క ఉండదు" అంటున్నాడు. జీతం వియత్నాంలో వాళ్ళ అకౌంటుకి ఇచ్చెయ్యమంటున్నాడు. ఇందులో నిజం ఎంత?

మడ_అడవి:

నేను కాకినాడలో ఒక పెద్ద కంపెనీలో హెచ్ఆర్ చూస్తాను. ఏజెంటు మాటలో నిజం ఒక్కటే: బిజినెస్ వీసాకి జీతం లెక్క ఉండదు. ఎందుకు ఉండదంటే, ఆ వీసా మీద వచ్చినవాళ్ళు జీతానికి పని చెయ్యకూడదు కాబట్టి.

బిజినెస్ వీసా మీద ఏం చెయ్యొచ్చో చెప్తాను. సరుకు కొనడానికి, అమ్మడానికి రావచ్చు. మీ ప్లాంటు చూసి నాణ్యత తనిఖీ చేసుకోవచ్చు. మీటింగులు పెట్టుకోవచ్చు. నిపుణుడు కొద్ది రోజుల కోసం వచ్చి పని ఎలా నడుస్తుందో చూసి సలహా చెప్పి వెళ్ళొచ్చు. అంతే. తెల్లకోటు, గంబూట్లు వేసుకుని మీ లైను మీద నిలబడి షిఫ్టు నడిపితే అది ఉద్యోగం.

2009 గుర్తుందా? దేశంలో విద్యుత్ ప్రాజెక్టుల దగ్గర చైనా వాళ్ళు వేల మంది బిజినెస్ వీసాల మీద పనిచేస్తున్నారని తేలింది. అక్టోబరు ఆఖరులోగా వెళ్ళిపొమ్మని కేంద్రం చెప్పేసింది. సగంలో పనులు ఆగినవాళ్ళు లబోదిబోమన్నారు. ఆ తర్వాత 2010లో విద్యుత్, ఉక్కు రంగాలకి ప్రాజెక్టు వీసా అని వేరే పెట్టారు. రొయ్యలకి అది వర్తించదు.

పైగా వచ్చాక ఇక్కడే బిజినెస్ వీసాని ఎంప్లాయ్‌మెంట్ వీసాగా మార్చుకోవడం కుదరదు. ఆవిడ హనోయ్‌లో మన రాయబార కార్యాలయంలోనో, హో చి మిన్ సిటీ కాన్సులేటులోనో ముందే తీసుకుని రావాలి.

జీతం అక్కడి అకౌంటుకి ఇమ్మన్నాడు చూడండి, అది వినగానే ఆ ఏజెంటు నంబరు తీసెయ్యాలి. పని ఇక్కడ జరిగితే ఆదాయం ఇక్కడిదే. పన్ను ఇక్కడ కట్టాల్సిందే. డబ్బు ఎక్కడ చేతికిచ్చారన్నది అనవసరం.

చెక్‌ట్రే:

మా చెరువుల దగ్గర ఏరేటర్లు అమ్మిన కంపెనీ తరఫున ఒక థాయిలాండ్ కుర్రాడు వచ్చి వారం ఉండి బిగించి వెళ్ళాడు. అది కూడా తప్పేనా మరి?

మడ_అడవి:

మిషను అమ్మిన ఒప్పందం ప్రకారం బిగించి, నడిపించి ఇవ్వడానికి వచ్చే టెక్నీషియన్లని 2025 దాకా ఎంప్లాయ్‌మెంట్ వీసా రకాల్లోనే పెట్టేవారు. అలాగే విదేశీ కంపెనీకి మీరు ఫీజు కట్టి, వాళ్ళ మనిషిని పరిజ్ఞానం నేర్పడానికి పంపించుకుంటే అదీ అప్పట్లో ఎంప్లాయ్‌మెంట్ వీసాయే. అమ్మిన తర్వాత వచ్చి చూసి మాట్లాడి పోవడం వేరు, ఒప్పందంలో ఉన్న పని చెయ్యడం వేరు. ఆ కుర్రాడు ఏ వీసా మీద వచ్చాడో ఆ కంపెనీకి తెలియాలి.

తెల్లరొయ్య గారికి పనికొచ్చేది ఇందులో ఒకటుంది. ఆవిడని ఉద్యోగిగానే తీసుకోవాలని లేదు. కాంట్రాక్టు మీద కన్సల్టెంటుగా, నెల జీతం కాకుండా ముందే అనుకున్న మొత్తానికి కూడా ఈ వీసా ఇస్తారు.

ఇంకోటి, చాలామందికి తెలియదు. అనువాదకులకి, ఇంగ్లీషు కాకుండా వేరే భాష నేర్పేవాళ్ళకి, విదేశీ వంటలు చేసే కుక్కులకి ఈ 16.25 లక్షల నిబంధన లేదు. ఆవిడకి ఇంగ్లీషు రాకపోతే వియత్నాం భాష తెలిసిన అనువాదకురాలిని వేరే పెట్టుకోండి, తక్కువలో అవుతుంది. కానీ ఆ అనువాదకురాలి చేత రొయ్యలు ఒలిపించకండి.

కాలవగట్టు:

ఆఖరి మాట బావుంది.

నత్తారామేశ్వరం_కుర్రాడు:

కలకత్తా నుంచి ఒక మేస్త్రీ నలభై మందిని పంపిస్తానంటున్నాడు మా బాబాయికి. అందరికీ ఆధార్ ఉందట, రేటు ఒడిశా వాళ్ళకంటే తక్కువట. వియత్నాం కంటే ఇది తేలిక కదా? అలాగే మా ఊరి హోటల్లో నేపాల్ వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు, వాళ్ళకి ఏ వీసా లేదు. మరి వాళ్ళ సంగతేంటి?

పద్దుపుస్తకం:

రెండూ కలపకండి తమ్ముడూ.

నేపాల్ వాళ్ళ సంగతి వేరు. 1950 ఒప్పందం వల్ల వాళ్ళకి ఇక్కడ ఉండటానికి, పని చెయ్యడానికి వీసా అక్కర్లేదు. భూటాన్ వాళ్ళకీ ఇలాంటి వెసులుబాటే. పీఎఫ్ దగ్గర కూడా ఈ రెండు దేశాల వాళ్ళని మన దేశం కార్మికులతో సమానంగానే లెక్కేస్తారు. నేపాలీ గుర్తింపు కాగితం కాపీ తీసుకుని, మనవాడికి ఎలా రాస్తారో అలాగే రిజిస్టరులో రాయండి.

కలకత్తా నలభై మంది సంగతికొస్తే, బెంగాల్ వాళ్ళయితే నిశ్చింతగా పెట్టుకోండి, వాళ్ళు ఈ దేశం వాళ్ళే. బంగ్లాదేశ్ నుంచి కాగితాలు లేకుండా వచ్చినవాళ్ళయితే ఆధార్ మిమ్మల్ని కాపాడదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, అది ఆ కార్డు మీదే రాసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. చెల్లే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దొంగ పాస్‌పోర్టు, దొంగ వీసా అయితే ఏడేళ్ళ దాకా వెళ్తుంది. తెచ్చిన మేస్త్రీ ఫోన్ స్విచాఫ్ చేసుకుంటాడు. పోలీసులు వచ్చేది మీ బాబాయి గేటుకే. ఊరు, పోలీస్ స్టేషను, కాంట్రాక్టరు లైసెన్సు, అన్నీ చూసుకోమనండి. రేటు తక్కువ ఎందుకుందో కూడా అడగమనండి.

రాజోలు_అక్క:

నేను కువైట్‌లో చాలాకాలం చేసి వచ్చాను. మా వైపు ప్రతి వీధికీ ఒకరో ఇద్దరో వెళ్ళినవాళ్ళే. ఇక్కడ మీరంతా తెచ్చుకునేవాళ్ళ వైపు నుంచి మాట్లాడుతున్నారు, నేను వెళ్ళినవాళ్ళ వైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

ముందు ఆవిడకి కాంట్రాక్టు ఆవిడ భాషలో కూడా ఇవ్వండి. మేము సంతకం పెట్టింది అరబ్బీ కాగితం మీద. ఇక్కడ ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ దిగాక తెలిసింది ఒకటి.

పాస్‌పోర్టు ఆవిడ దగ్గరే ఉంచండి. "భద్రంగా ఉంటుందమ్మా" అని ఆఫీసు బీరువాలో పెట్టేస్తారు. కాపీ తీసుకోండి, చాలు.

సెలవు రోజు ఏదో ముందే రాసెయ్యండి. ఆవిడకి జ్వరం వస్తే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారో కూడా ముందే అనుకోండి. మా మేడమ్ మంచిదే, కానీ నాకు పంటి నొప్పి వచ్చినప్పుడు ఆవిడకి చెప్పడానికి నాకు మాటలు రాక, దవడ పట్టుకుని చూపించాను. ఆవిడ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంకో డౌటు. ఆవిడకి మీ దగ్గర నచ్చకపోతే పక్క ప్లాంటులో చేరొచ్చా? మేమైతే ఒక కఫీలు (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నుంచి ఇంకో కఫీలుకి మారాలంటే నరకం.

మడ_అడవి:

అక్కా, మంచి ప్రశ్న. ఎంప్లాయ్‌మెంట్ వీసా ఆ కంపెనీ పేరు మీదే ఉంటుంది. ఇక్కడ ఉండగానే వేరే కంపెనీకి మారడం మామూలుగా కుదరదు, అదే గ్రూపు కంపెనీల మధ్య అయితే అనుమతితో వీలుంది. వెనక్కి వెళ్ళి కొత్త కంపెనీ పేరు మీద మళ్ళీ వీసా తెచ్చుకోవాలి. ఆవిడ ప్రవర్తనకీ, గడువు అయ్యాక వెనక్కి వెళ్ళడానికీ బాధ్యత మాదని కంపెనీ రాసి కూడా ఇవ్వాలి.

రాజోలు_అక్క:

అంటే పేరు కఫాలా కాదు గానీ పట్టు అదేగా. తెల్లరొయ్య గారూ, ఇది తెలిసి తెచ్చుకోండి. ఆవిడ మీ మీదే ఆధారపడి ఉంటుంది. నచ్చకపోతే తిరుగు టికెట్టు మీదేనని కూడా రాయండి.

తెల్లరొయ్య:

రాస్తానక్కా. ఇది మాకు తట్టలేదు.

పద్దుపుస్తకం గారూ, ఆవిడకి 16.25 లక్షలిస్తే ఆవిడ చేతికి ఎంత వస్తుంది? ఆవిడ అడిగేది అదే. పీఎఫ్ ఉంటుందా?

పద్దుపుస్తకం:

ఉంటుంది. అసలు దెబ్బ అక్కడే.

మీ ప్లాంటులో 20 మంది పైనే ఉన్నారు కాబట్టి పీఎఫ్ వర్తిస్తుంది. మనవాళ్ళకి 15 వేల పరిమితి ఉంది. విదేశీ కార్మికులకి 2008 అక్టోబరు నుంచి ఆ పరిమితి లేదు, జీతమంతటి మీదా 12 శాతం ఆవిడది, 12 శాతం మీది. ఆవిడ దేశంతో మనకి సామాజిక భద్రత ఒప్పందం ఉంటే మినహాయింపుకి దారి ఉండేది. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, దక్షిణ కొరియా, నెదర్లాండ్స్ లాంటి వాటితో ఉంది. వియత్నాంతో లేదు.

అంతా నగదు జీతమే, అంతటి మీదా పీఎఫ్ అనుకుందాం. 16.25 లక్షల్లో ఆవిడ వాటా 1.95 లక్షలు. ఆదాయపు పన్ను, 2025–26 కొత్త విధానం లెక్కలో, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా సుమారు 1.17 లక్షలు. చేతికి 13.13 లక్షలు, నెలకి లక్షా తొమ్మిది వేల పైచిలుకు. మీకు పడేది 16.25 మీద ఇంకో 1.95, అంటే 18.20 లక్షలు. విమానం, ఇల్లు, అనువాదకురాలు వేరే.

పోనీ ఆ పీఎఫ్ వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు కదా అంటారు. ఒప్పందం లేని దేశం వాళ్ళకి 58 ఏళ్ళు నిండాకే. ఆవిడకి నలభై ఉంటే పద్దెనిమిదేళ్ళు ఆగాలి. ఆ సొమ్ము ఇక్కడే ఉండిపోతుందని ముందే చెప్పండి, లేకపోతే మీరు మోసం చేశారనుకుంటుంది. విదేశీ కార్మికులకి పెట్టిన ఈ ప్రత్యేక పీఎఫ్ నిబంధనల్నే 2024 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అది చూసుకుని ఆంధ్రాలో కట్టడం మానేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

కన్సల్టెంటుగా తీసుకుంటే పీఎఫ్ లెక్క మారొచ్చు, కానీ పేరుకి కన్సల్టెంటు అని రాసి షిఫ్టులు వేయించి హాజరు పట్టీలో పెడితే వాళ్ళు ఉద్యోగి అనే అంటారు. ఆవిడ వచ్చి నేర్పి వెళ్ళే పనే అయితే ఆ దారి ఆలోచించండి. కాంట్రాక్టు రాసేముందు చూపించండి.

పీలింగ్_టేబుల్:

నేను ఇక్కడ కొత్త. చదువుతూ ఉంటే చెయ్యి ఆగలేదు. నేను తొమ్మిదో తరగతి చదివి పీలింగ్‌లో చేరాను, ఇప్పుడు వేరే ప్లాంటులో లైను సూపర్‌వైజరుని. ఊరి పేరు, ప్లాంటు పేరు చెప్పను.

నోబాషి అంటే మీరంతా ఏదో రాకెట్టు అనుకుంటున్నారు. మా ప్లాంటులో రెండేళ్ళ కిందట మొదలుపెట్టారు. ఒలిచి నరం తీసిన రొయ్యని వెల్లకిలా పెట్టాలి. కడుపు వైపు అడ్డంగా గాట్లు పెట్టాలి. ఎంత లోతు అన్నదే విద్య అంతా. లోతు తక్కువైతే వేయించినప్పుడు మళ్ళీ వంకర తిరుగుతుంది, ఎక్కువైతే తెగిపోయి ముక్కలకి పోతుంది. తర్వాత బోర్లా తిప్పి, పలక మీద పెట్టి, తల వైపు నుంచి తోక దాకా రెండు చేతుల వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళాలి. లోపల కండ సన్నగా టక్కుమంటుంది, అది వేలికి తెలుస్తుంది. అప్పుడు కొలత గీతకి అందుతుంది. అందకపోతే ఇంకోసారి నొక్కకూడదు, నలిగిపోతుంది. ఇదంతా మంచు నీళ్ళలో తీసిన సరుకుతో, వేళ్ళు మొద్దుబారి ఉండగా. తోక విరిగితే ఆ రొయ్య పోయినట్టే.

మాకు నేర్పడానికి ఒక విదేశీ టెక్నీషియన్ వచ్చాడు. ఆయన భాష ఎవరికీ రాదు. ఫోన్లో మాట్లాడితే ఫోను తెలుగులో ఏదో చెప్పేది. "రొయ్యను ప్రార్థించండి" అని వచ్చింది ఒకసారి, ఆ రోజంతా అదే జోకు. చివరికి ఆయన చేతులు చూసి నేర్చుకున్నాం. మనిషి మంచివాడే. ఆయన వెళ్ళిపోయాక లైను సగానికి పడిపోయింది. ఎందుకో తెలుసా? నేర్చుకున్న అమ్మాయిలకి మామూలు ఒలుపు కిలో రేటే ఇచ్చారు. నోబాషి గంటకి ఎన్ని కిలోలు అవుతుంది? మామూలు ఒలుపులో మూడో వంతు కూడా అవదు. నేర్చుకున్న పాపానికి కూలి తగ్గింది. ఎవరుంటారు? మామూలు టేబుల్‌కి మార్చమని అడిగి వెళ్ళిపోయారు. మా యజమానులేమో మనవాళ్ళకి ఓపిక లేదు, వియత్నాం వాళ్ళే కరెక్టు అన్నారు.

నెలకి లక్షా ముప్పయ్యైదు వేలు ఆవిడకి ఇవ్వండి, పని తెలిసిన మనిషి, నేనేమీ అనను. కానీ నా జీతం ఎంతో ఊహించుకోండి, ఆవిడ వెళ్ళాక ఆ లైను నడపాల్సింది నాలాంటిదే.

చెక్‌ట్రే:

ఏం చెప్పారండి. "రొయ్యను ప్రార్థించండి" మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

కాలవగట్టు:

నరసాపురం లేసు గుర్తొచ్చింది అమ్మా. అది 19వ శతాబ్దంలో విదేశీ మిషనరీలు వచ్చి మన ఆడవాళ్ళకి నేర్పిన అల్లిక. వాళ్ళు వెళ్ళిపోయారు, పని ఉండిపోయింది, దేశాలకి ఎగుమతయింది. అయితే ఊళ్ళో అల్లే ఆడవాళ్ళ చేతికొచ్చింది తక్కువ, మధ్యలో వాళ్ళకి పోయింది ఎక్కువ. నేర్పించడం వరకూ బాగానే జరుగుతుంది మన దగ్గర.

తెల్లరొయ్య:

పీలింగ్_టేబుల్ గారూ, మీ పోస్టు మా మామగారికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కిలో రేటు కాకుండా రోజు కూలి పెడితే?" అన్నారు. మీరేమంటారు?

పీలింగ్_టేబుల్:

నేర్చుకునే మొదటి నెలలు రోజు కూలే పెట్టండి. కిలో రేటు పెడితే అమ్మాయిలు తొందరపడతారు, తోకలు విరుగుతాయి, మీకే నష్టం. చెయ్యి కుదిరాక ట్రేకి ఇంత అని పెట్టండి, మంచి ట్రేకి మాత్రమే. తిరగ్గొట్టిన ట్రేకి లేదు. అప్పుడు ఎవరికి వాళ్ళే జాగ్రత్తగా చేస్తారు. ఆ రేటు మామూలు ఒలుపు మీద రోజుకి వచ్చేదానికంటే ఎక్కువ పడేలా కట్టండి, సమానంగా కాదు.

ఇంకోటి. ఎవరు నేర్చుకోవాలో మీరు ఎంచకండి, సూపర్‌వైజరుని ఎంచమనండి. మీరైతే చలాకీగా మాట్లాడేవాళ్ళని ఎంచుతారు. కావలసింది వేళ్ళు.

తెల్లరొయ్య:

సరే, ఇక్కడిదాకా మేం అనుకున్నది చెప్తాను. అమ్మాయిలు ఎనిమిది మంది ఆలోచన మానేశాం. ఏజెంటుని వద్దన్నాం. ఆవిడ ఒక్కరినే తెస్తున్నాం. ఆవిడ పని నేర్పడమే అని, షిఫ్టు నడపడం కాదని కాంట్రాక్టులో రాస్తున్నాం. కన్సల్టెంటా, ఉద్యోగా అన్నది పద్దుపుస్తకం గారి దగ్గరికి వచ్చి తేల్చుకుంటాం. అనువాదకురాలిని ఆవిడే చూసుకుంటానంటోంది, హో చి మిన్‌లో హిందీ చదివిన అమ్మాయి ఒకరు ఉన్నారట. తెలుగు కాకపోయినా మన సూపర్‌వైజర్లలో ఇద్దరికి హిందీ వచ్చు, ఒడిశా అమ్మాయిలకీ వచ్చు. పీఎఫ్ 58 ఏళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ నవ్వి, "అయితే ముసలయ్యాక మళ్ళీ మీ ఊరు రావాలి" అంది.

దిగాక చెయ్యాల్సినవి ఏంటో చెప్పండి మడ_అడవి గారూ.

మడ_అడవి:

హిందీ అమ్మాయి సంగతి బావుంది, వీసా కాగితాల్లో అనువాదకురాలు అని స్పష్టంగా రాయించండి, చదువు సర్టిఫికెట్లు జతచెయ్యండి.

వీసా కోసం మీవైపు నుంచి: కంపెనీ రిజిస్ట్రేషను, పాన్, సంతకాలైన కాంట్రాక్టు, ఆ పనికి ఇక్కడ మనిషి ఎందుకు దొరకలేదో వివరించే ఉత్తరం, బాధ్యత రాసిచ్చే పత్రం. ఆ ఉత్తరం మీద శ్రద్ధ పెట్టండి. "నిపుణురాలు అవసరం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. మీ ప్లాంటు ఇప్పుడు ఏం చేస్తోంది, జపాన్ ఆర్డరుకి ఏం కావాలి, ఆవిడ అనుభవం ఏంటి, ఎంతమందికి నేర్పుతుంది, అన్నీ రాయండి.

దిగాక: వీసా 180 రోజులు దాటినదైతే వచ్చిన 14 రోజుల్లో ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో (విదేశీయుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు) రిజిస్ట్రేషను. ఆన్‌లైనే. జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషను చూసేది ఎస్పీ ఆఫీసు, 2022లో భీమవరం జిల్లా కేంద్రం అయ్యింది కాబట్టి ఏలూరు దాకా వెళ్ళే పని లేదు. ముందే ఒకసారి వెళ్ళి పరిచయం చేసుకుని రండి, తర్వాత ఎంక్వైరీకి వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు. పాన్ తీయించాలి, బ్యాంకు అకౌంటు తెరవాలి. ఇల్లు ఇచ్చినవాళ్ళు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజెయ్యాలి, ఫారం సి అనే అందరూ అంటారు. గెస్టుహౌస్ మీదే అయితే ఆ బాధ్యత మీది.

తెల్లరొయ్య:

ఇంటి దగ్గరే ఇరుక్కున్నాం. ప్లాంటు గెస్టుహౌస్‌లో ఆడవాళ్ళు ఇద్దరే ఉండటం నాకు నచ్చలేదు, రాత్రిపూట ఆ రోడ్డు మీద మనుషులుండరు. నరసాపురంలో వాటా అడిగితే ఇద్దరు ముగ్గురు ఆధార్ కార్డు లేదా అన్నారు. ఒకాయన "పందిమాంసం వండుతారా" అని అడిగాడు.

రాజోలు_అక్క:

ఆ ప్రశ్న మమ్మల్ని అక్కడ వేరేరకంగా అడిగేవారు. ఆయన్ని వదిలెయ్యండి, ఆధార్ అడిగినవాళ్ళకి పాస్‌పోర్టు, వీసా కాపీలు చూపించండి, చాలు. ఆడవాళ్ళున్న ఇంటి మేడ మీద వాటా చూడండి.

పీలింగ్_టేబుల్:

మా పక్కింటి టీచరమ్మ గారి మేడ మీద వాటా ఖాళీగా ఉంది. ఆవిడ ఒక్కర్తే ఉంటుంది, గేటు తొమ్మిదింటికి వేసేస్తుంది. సాయంత్రం అడిగి చెప్తాను. ఫారం సి ఎలా నింపాలో మడ_అడవి గారు ఆవిడకి ఫోన్లో చెప్పాలి, లేకపోతే భయపడుతుంది.

మడ_అడవి:

చెప్తాను. నంబరు ఇక్కడ పెట్టకండి, ప్రైవేటు మెసేజీ పెట్టండి.

నత్తారామేశ్వరం_కుర్రాడు:

మా బాబాయి కలకత్తా మేస్త్రీని లైసెన్సు చూపించమన్నాడు. వారం నుంచి ఫోన్ ఎత్తడంలేదు.